గుండె లెక్క రాసే గోరంత చిప్పు

మన పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాలకు తనిఖీకి వెళ్ళినప్పుడు సభ్యులు మమ్మల్ని అనేక ప్రశ్నలు అడుగుతుంటారు. వెన్న శాతం ఎందుకు తగ్గింది, బోనసు ఎప్పుడు పంచుతారు, దాణా ధర ఎందుకు పెరిగింది అన్నవి వాటిలో తరచు వినిపించేవి. కాని ఆ మధ్య ఒక సంఘంలో వచ్చిన ప్రశ్న వీటిలో దేనికీ చెందినది కాదు.

ఆ సంఘం కార్యదర్శిగారు ఒక ఉదయం పాలు పోయించుకునే వేళ, శీతలీకరణ ట్యాంకు పక్కనే స్పృహ తప్పి పడిపోయారు. నిమిషం తిరగకుండానే తేరుకుని లేచి కూర్చున్నారు. ఆసుపత్రికి తీసుకువెళ్ళి ఇ.సి.జి. తీయిస్తే అంతా సక్రమంగానే ఉన్నది. అయినా డాక్టరుగారు వదిలిపెట్టలేదు. అగ్గిపెట్టె కన్న కొంచెం పెద్దదైన ఒక పరికరాన్ని తీగలతో ఛాతీకి అంటించి, రెండు రోజులు తీయకుండా ఉంచుకోమన్నారు. దానినే హోల్టర్ అంటారు.

మేము వెళ్ళిన సాయంత్రం ఆయన ఆ పెట్టెను చొక్కా కింద పెట్టుకునే పాలు పోయించుకుంటున్నారు. చుట్టూ చేరిన సభ్యులు మమ్మల్ని అడిగారు: "ఏమండీ, ఆ పెట్టె ఒంట్లోకి కరెంటు పంపుతుందా? ఆసుపత్రిలో అంత పెద్ద మిషనుకు దొరకనిది దీనికేం దొరుకుతుంది? ఇంత చిన్న బ్యాటరీతో రాత్రింబవళ్ళు ఎట్లా నడుస్తుంది?"

ఈ శాఖలో చేరకముందు మేము పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి ఉన్నాము. కావున అప్పటికి తోచిన జవాబు చెప్పాము. తరువాత పుస్తకాలు తిరగేసి చూస్తే, ఆ చిన్న చిప్పును రూపొందించేవారు పడే శ్రమకూ మన సంఘాలలో మనం పడే శ్రమకూ చాలా పోలికలు కనిపించాయి. సభ్యులందరికీ పనికివస్తుందని ఆ వివరాలు ఇక్కడ రాస్తున్నాము. ఆ రోజు మేము కార్యదర్శిగారికి ఇచ్చిన సలహా ఒకటి తప్పని తేలింది. దానిని కూడా చివర చెబుతాము.

ఒంట్లో ఉన్న కరెంటు

మొదటి ప్రశ్నకు జవాబు: ఆ పెట్టె కరెంటు పంపడానికి పెట్టినది కాదు, వినడానికి పెట్టినది. గుండె ముడుచుకునే ప్రతిసారీ దాని కండరాల మీదుగా ఒక విద్యుత్ తరంగం నడుస్తుంది. ఆ తరంగపు ఛాయ చర్మం దాకా వస్తుంది. అక్కడ దాని బలం సుమారు 1 మిల్లీవోల్టు, అంటే వోల్టులో వెయ్యవ వంతు. టార్చిలైటు సెల్లు ఒకటిన్నర వోల్టు గనుక, గుండె సంకేతం దానిలో పదిహేను వందల వంతు అన్నమాట.

మెదడు సంకేతం ఇంకా బలహీనం. తల మీద పట్టీలు అంటించి తీసే ఇ.ఇ.జి.లో కొన్ని పదుల మైక్రోవోల్టులు మాత్రమే దొరుకుతాయి. మైక్రోవోల్టు అంటే వోల్టులో పది లక్షల వంతు. మెదడులోనే సన్నని సూది పెట్టి ఒక్కొక్క నరకణం పలికే పలుకు వింటే 50 నుండి 500 మైక్రోవోల్టుల వరకు ఉంటుంది. ఇంత చిన్న సంకేతాలను పట్టుకుని, పెద్దవి చేసి, అంకెలుగా మార్చి దాచడమే ఈ చిప్పుల పని.

270 కిలోల నుండి 2.5 గ్రాములకు

హాలెండు దేశంలోని లైడెన్ నగరంలో విల్లెం ఐంథోవెన్ అనే ఆచార్యుడు 20వ శతాబ్దం మొదటి సంవత్సరాలలో గుండె సంకేతాన్ని స్పష్టంగా నమోదు చేసే యంత్రాన్ని నిర్మించాడు. దాని బరువు సుమారు 270 కిలోలు. నడపడానికి అయిదుగురు మనుషులు కావాలి. దాని విద్యుదయస్కాంతాలు వేడెక్కకుండా నీళ్ళు పారించవలసి వచ్చేది. రోగి చేతులనూ కాలినీ ఉప్పునీటి పాత్రలలో పెట్టుకుని కూర్చునేవాడు. ఈ కృషికి ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ బహుమతి లభించింది.

ఆ యంత్రం దగ్గరకు రోగి వెళ్ళాలి గాని, రోగితో అది రాలేదు. రోజంతా పనిపాటలు చేసుకునే మనిషి గుండె ఎట్లా నడుస్తున్నదో తెలుసుకోవాలని అమెరికాలోని మోంటానా రాష్ట్రానికి చెందిన నార్మన్ హోల్టర్ తలపెట్టాడు. 1940ల చివరలో ఆయన తయారుచేసిన పరికరం వీపున మోసుకునే సంచి. దాని బరువు సుమారు 38 కిలోలు. నిండు పాల క్యానును వీపున కట్టుకుని తిరిగినట్లే. నేటి పెట్టెకు హోల్టర్ అనే పేరు ఆయన వల్లనే వచ్చింది.

1947లో ట్రాన్సిస్టరు వచ్చింది. 1958లో జాక్ కిల్బీ, 1959లో రాబర్ట్ నోయిస్ అనేక భాగాలను ఒకే ముక్క మీద నిర్మించే ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్‌కు దారి చూపారు. మనం చిప్పు అంటున్నది దీనినే. ఆ తరువాత బరువు శరవేగంగా తగ్గింది. 2014లో మెడ్‌ట్రానిక్ సంస్థ విడుదల చేసిన ఒక గుండె నమోదు పరికరం బరువు 2.5 గ్రాములు మాత్రమే. పరిమాణం 1.2 ఘనపు సెంటీమీటర్లు, అంటే టీ చెంచాలో నాలుగోవంతు. ఛాతీ చర్మం కింద దూర్చి పెడితే మూడేళ్ళ వరకు గుండెను కనిపెట్టి ఉంటుంది.

పాత్ర బరువు, గతుకుల దారి, లోపలి రొద

చిన్న సంకేతాన్ని పెద్దది చేయడానికి ఆంప్లిఫయరు ఉన్నది కదా, ఇందులో కష్టమేమున్నదని అనిపించవచ్చు. చిక్కులు మూడు ఉన్నాయి.

మొదటిది పాత్ర బరువు. పాలు తూచేటప్పుడు ముందుగా పాత్రకు ధడెం కడతాము. ఛాతీకి అంటించే పట్టీకీ చర్మానికీ మధ్య రసాయనిక చర్య వల్ల కొంత స్థిరమైన వోల్టేజి పుడుతుంది. అది 300 మిల్లీవోల్టుల వరకు ఉన్నా తట్టుకునేటట్లు పరికరాన్ని తయారు చేయాలని ప్రమాణాలు చెబుతున్నాయి. సంకేతం 1 మిల్లీవోల్టు, పాత్ర బరువు 300. ధడెం తీయకుండా అంతటినీ నూరు రెట్లు చేస్తే ఆంప్లిఫయరు ముల్లు చివరకు కొట్టుకుని అక్కడే నిలిచిపోతుంది. పాలెన్నో తెలియదు.

రెండవది గతుకుల దారి. మన ఇళ్ళలోని 50 సైకిళ్ళ కరెంటు మన ఒంటి మీద కూడా సన్నగా వాలుతూ ఉంటుంది. అది గుండె సంకేతం కన్న ఎన్నో రెట్లు పెద్దది కావచ్చు. ఒకే లారీలో రెండు క్యాన్లు ఉన్నాయనుకోండి. గతుకు తగిలితే రెండూ ఒకేసారి లేస్తాయి, ఒకేసారి దిగుతాయి. ఎంత లేచాయని చూడక, రెండింటి మధ్య తేడా మాత్రమే చూస్తే గతుకులతో మనకు పని లేదు. ఇదే పద్ధతిలో ఈ చిప్పు రెండు పట్టీల మధ్య తేడాను మాత్రమే తీసుకుని, రెండింటికీ సమానంగా వచ్చినదానిని తోసివేస్తుంది.

మూడవది అన్నింటికన్న మొండిది. ప్రతి ట్రాన్సిస్టరులోనూ ఎలక్ట్రానులు ఊరికే ఉండవు. వేడి వల్ల అటూ ఇటూ కదులుతూ తమ సొంత రొద చేస్తుంటాయి. సంకేతం మరీ చిన్నదైతే ఈ రొదలో మునిగిపోతుంది. రొద తగ్గించాలంటే ట్రాన్సిస్టరులో కరెంటు ఎక్కువ పారించాలి. ఇక్కడ లెక్క కఠినంగా ఉంటుంది. రొదను సగం చేయాలంటే కరెంటును నాలుగు రెట్లు చేయాలి. మూడోవంతు చేయాలంటే తొమ్మిది రెట్లు. బ్యాటరీ మాత్రం అంతే ఉంటుంది. కనుక ఈ చిప్పు రూపకల్పన అంతా చిన్న ఆదాయంతో సంసారం నడిపే పని.

ఖర్చు ఎక్కడ పెట్టాలి?

ఇక్కడనే మన సంఘాలకు బాగా తెలిసిన సూత్రం ఒకటి పనిచేస్తుంది. పల్లెలో పులిసిన పాలను శీతల కేంద్రంలో ఎంత చల్లబరిచినా తిరిగి తియ్యని పాలు కావు. శుభ్రత మీద పెట్టే రూపాయి మొదట, పితికే చోటనే పెట్టాలి.

ఆంప్లిఫయర్లు ఒకదాని వెనుక ఒకటి మెట్లుగా ఉంటాయి. మొదటి మెట్టు సంకేతాన్ని నూరు రెట్లు చేసిందనుకుందాము. రెండవ మెట్టు చేసే రొద, అప్పటికే నూరు రెట్లు పెరిగిన సంకేతం మీద పడుతుంది. అంటే దాని హాని నూరోవంతే. కాని మొదటి మెట్టులో కలిసిన రొద సంకేతంతో పాటు తాను కూడా నూరు రెట్లు పెరుగుతుంది. ఆ తరువాత ఏ మెట్టులోనూ ఆ రెండింటినీ పూర్తిగా విడదీయడం సాధ్యపడదు. కావున నిపుణులైనవారు కరెంటులో పెద్ద భాగాన్ని మొదటి మెట్టుకు కేటాయిస్తారు. ఆ మెట్టులో కూడా సంకేతాన్ని మొట్టమొదట అందుకునే రెండు ట్రాన్సిస్టర్ల మీదనే ఎక్కువ శ్రద్ధ పెడతారు. మిగిలినవాటిని తక్కువ రొద చేసే కొలతలలో, తక్కువ ఖర్చులో సరిపెడతారు.

దీనికి మంచి ఉదాహరణ ఉన్నది. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయానికి చెందిన రీడ్ హారిసన్, కామెరాన్ చార్లెస్ అనే ఇద్దరు 2003లో నరాల సంకేతాల కోసం ఒక ఆంప్లిఫయరును ప్రకటించారు. అది 5 వోల్టుల మీద సుమారు 16 మైక్రో ఆంపియర్లు, అంటే 80 మైక్రోవాట్లు మాత్రమే తీసుకున్నది. మన ఇంటి 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బుకు అయ్యే కరెంటుతో ఇటువంటివి లక్షకు పైగా నడపవచ్చు. దాని సొంత రొద 2.2 మైక్రోవోల్టులు. చిప్పు మీద అది ఆక్రమించిన స్థలం చదరపు మిల్లీమీటరులో ఆరోవంతు కన్న తక్కువ.

వారు చేసిన మరొక ఉపాయం కూడా చెప్పుకోదగినది. లోపలికి వచ్చే దారిలో కెపాసిటర్లు పెట్టారు. కెపాసిటరు కదిలే సంకేతాన్ని పోనిస్తుంది, కదలని ధడెంను ఆపుతుంది. పెద్ద కెపాసిటరుకూ చిన్న కెపాసిటరుకూ ఉన్న నిష్పత్తి 100 కాబట్టి, సంకేతం సుమారు నూరు రెట్లు పెరుగుతుంది. అయితే మెల్లగా కదిలే సంకేతం పోకుండా ఉండాలంటే దానితో పాటు అతి పెద్ద రెసిస్టరు కావాలి. అంత రెసిస్టరును మామూలుగా చిప్పు మీద గీస్తే చోటు చాలదు. వారు ట్రాన్సిస్టర్లనే దాదాపు మూసి ఉంచి, పదివేల కోట్ల ఓములకు పైగా నిరోధం సాధించారు. పెరుగును పలుచని గుడ్డలో మూటకట్టి వేలాడదీస్తే నీరు బొట్టుబొట్టుగా దిగిపోతుంది, పెరుగు మూటలోనే నిలుస్తుంది. ఈ ఏర్పాటులో కూడా స్థిరంగా నిలిచినది నెమ్మదిగా జారిపోతుంది, సంకేతం నిలుస్తుంది.

చిన్నదిగా ఎందుకు ఉండాలి, ఎందుకు కుదరదు

చిప్పు చిన్నదైతే శరీరానికి హాయి అన్నది ఒక కారణం. మరొకటి ఖరీదు. చిప్పులను 8 అంగుళాల సిలికాన్ పళ్ళెం మీద ఒకేసారి అచ్చువేస్తారు. ఒక్కొక్కటి 4 చదరపు మిల్లీమీటర్లు ఉంటే పళ్ళేనికి సుమారు ఏడు వేలు వస్తాయి. నాలుగు రెట్లు పెద్దవైతే అందులో నాలుగోవంతు మాత్రమే వస్తాయి. పళ్ళేనికి అయ్యే ఖర్చు మాత్రం ఒకటే.

ట్రాన్సిస్టరును మరీ చిన్నది చేస్తే ఇంకొక రకం రొద పెరుగుతుంది. దాని ఉపరితలం దగ్గర ఎలక్ట్రానులు చిక్కుకుని మళ్ళీ వదులుతుండడం వల్ల పుట్టే నెమ్మది రొద ఇది. గుండె, మెదడు సంకేతాలు కూడా నెమ్మదివే గనుక ఇది సరిగ్గా వాటి మీదనే వచ్చి పడుతుంది. ట్రాన్సిస్టరు వైశాల్యం పెంచితే తగ్గుతుంది. అంటే చిన్నదనానికీ నిశ్శబ్దానికీ మధ్య బేరం తప్పదు. అంకెలు లెక్కకట్టే చిప్పులు ఏటేటా ఎంతగా కుదించుకుపోయినా, సంకేతాన్ని అందుకునే ఈ మొదటి మెట్టు అదే వేగంతో కుదించుకుపోకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఈ బేరంలో సాయపడే పద్ధతి ఒకటి మన పాత త్రాసులలోనే ఉన్నది. త్రాసు ఒక పక్కకు మొగ్గు చూపుతున్నదని అనుమానం వస్తే ఏమి చేస్తాము? సరుకును ఎడమ తట్టలో ఒకసారి, కుడి తట్టలో ఒకసారి తూచి రెండింటి సగటు తీస్తాము. త్రాసు తప్పు దానంతట అదే కొట్టుకుపోతుంది. చాపర్ ఆంప్లిఫయరు అనేది ఇదే పని సెకనుకు వేలసార్లు చేస్తుంది. సంకేతపు రెండు తీగలను అటూ ఇటూ మారుస్తూ పెద్దది చేసి, చివర తిరిగి సరిచేస్తుంది. ఆంప్లిఫయరు సొంత మొగ్గు, దానితో పాటు నెమ్మది రొదలో చాలా భాగం పక్కకు తప్పుకుంటాయి.

తూనికరాళ్ళతో అంకెలు

పెద్దదైన సంకేతాన్ని అంకెగా మార్చే భాగం ఇంకొకటి ఉన్నది. తక్కువ కరెంటు చిప్పులలో ఎక్కువగా వాడే పద్ధతి అచ్చం తూనికరాళ్ళ పద్ధతే. తెలియని బరువును ఒక తట్టలో పెట్టి రెండవ తట్టలో ముందు కిలో రాయి వేస్తాము. రాయి ఎక్కువైతే తీసివేస్తాము, తక్కువైతే ఉంచుతాము. తరువాత అరకిలో, ఆ తరువాత పావుకిలో, ఇట్లా సగం సగం రాళ్ళతో పోతాము. చిప్పులో రాళ్ళకు బదులు ఒకదానికొకటి సగం ఉన్న కెపాసిటర్లు, త్రాసు ముల్లుకు బదులు ఒకే ఒక్క పోల్చే సర్క్యూటు ఉంటాయి. పన్నెండు రాళ్ళు ఉంటే పన్నెండు తూకాలలో 4,096 మెట్ల ఖచ్చితత్వం వస్తుంది. ఒకే త్రాసును పన్నెండుసార్లు వాడుకోవడం వల్ల ఖర్చు స్వల్పం.

గుండె సంకేతాన్ని సెకనుకు 250 సార్లు ఇట్లా తూచితే ఒక రోజుకు 2 కోట్ల 16 లక్షల తూకాలు అవుతాయి. వీటన్నింటినీ రేడియో ద్వారా బయటకు పంపాలంటే, నమోదుకు అయినదాని కన్న పంపడానికే ఎక్కువ కరెంటు అవుతుంది. సంఘం ప్రతి సభ్యుని ప్రతి పూట చీటీని డెయిరీకి పంపదు. లెక్కకట్టి ట్రక్ షీటు మాత్రమే పంపుతుంది. అదే విధంగా నేటి చిప్పులు తమలోనే లెక్క చూసుకుంటాయి. రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకునే గుండెలో ప్రతి దెబ్బకూ మధ్య ఎడమెంత అన్నది చూసి, తేడా వచ్చిన భాగాన్ని మాత్రమే దాచి పంపే ఏర్పాటు చర్మం కింద పెట్టే పరికరాలలో ఉన్నది.

బ్యాటరీ లెక్క

లెక్క సరిచూడడం మా వృత్తి గనుక ఈ బ్యాటరీ లెక్క కూడా చూద్దాము. గడియారాలలో, రిమోట్లలో వాడే సి.ఆర్.2032 బిళ్ళ సెల్లు సామర్థ్యం సుమారు 225 మిల్లీ ఆంపియర్-గంటలు. అనలాగ్ డివైసెస్ సంస్థ 2012లో విడుదల చేసిన ఎ.డి.8232 అనే గుండె సంకేతపు చిప్పు 4 మిల్లీమీటర్ల చదరంలో ఉంటుంది. అది తీసుకునేది సుమారు 170 మైక్రో ఆంపియర్లు. భాగించి చూస్తే ఒక్క బిళ్ళతో ఆ చిప్పు సుమారు 55 రోజులు నడవాలి. దానితో పాటు జ్ఞాపకం దాచే భాగం, పంపే భాగం కలిస్తే ఆ రోజులు బాగా తగ్గుతాయి. అందువలననే పొదుపు అంతటా కావాలి.

శరీరం లోపల పెట్టే పేస్‌మేకరు లెక్క ఇంకా బిగువు. ఒక ఆంపియర్-గంట సామర్థ్యం గల బ్యాటరీ పదేళ్ళు రావాలంటే, పదేళ్ళలో 87,600 గంటలు ఉన్నాయి కనుక, సగటున 11 మైక్రో ఆంపియర్లకు మించి ఖర్చు చేయరాదు. వినడానికీ, ఆలోచించడానికీ, అవసరమైనప్పుడు గుండెను తట్టడానికీ అంతా అందులోనే. బ్యాటరీ అయిపోతే అంగడికి వెళ్ళి మార్చుకునేది కాదు, మళ్ళీ ఆపరేషన్ చేయాలి. 1958 అక్టోబరులో స్వీడన్‌లో మొదటిసారి మనిషి శరీరంలో అమర్చిన పేస్‌మేకరు కొన్ని గంటలే పనిచేసింది. నేటివి సంవత్సరాల తరబడి పనిచేస్తున్నాయంటే లిథియం బ్యాటరీల వల్ల ఎంతో, ఈ చిప్పుల పొదుపు వల్ల కూడా అంతే.

మెదడులో పెట్టే చిప్పులకు మరొక కట్టుబాటు ఉన్నది. ఖర్చయిన కరెంటు అంతా చివరకు వేడి అవుతుంది. చుట్టూ ఉన్న కణజాలం ఒక డిగ్రీ వేడెక్కినా మంచిది కాదని రూపకర్తలు జాగ్రత్తపడతారు. యూటా విశ్వవిద్యాలయంలో తయారైన నూరు సూదుల పలక ఒకటి ఉన్నది. సూదికొక ఆంప్లిఫయరు చొప్పున, మనం పైన చెప్పుకున్న 80 మైక్రోవాట్లను నూరుతో గుణిస్తే 8 మిల్లీవాట్లు. ఒక్కొక్కటి పదింతలు తీసుకునేదైతే ఆ మాటే ఎత్తే వీలుండదు.

మన దేశంలో

ఇటువంటి చిప్పులకు ఫోన్లలో వాడే అతి సూక్ష్మమైన తయారీ పద్ధతులే కావాలని లేదు. చాలావాటికి 180 నానోమీటర్ల పద్ధతి సరిపోతుంది. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. పంజాబ్‌లోని మొహాలీలో 1976లో ఏర్పడిన సెమీకండక్టర్ కాంప్లెక్స్ 1984లో ఉత్పత్తి ప్రారంభించింది. 1989లో అగ్నిప్రమాదానికి గురై మళ్ళీ నిలదొక్కుకున్నది. ఇప్పుడు సెమీకండక్టర్ లేబొరేటరీ అనే పేరుతో 180 నానోమీటర్ల చిప్పులను తయారుచేస్తున్నది. మన సభ్యుల పిల్లలు ఎందరో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నారు. ఈ రంగంలో చేయవలసిన పని మిగిలి ఉన్నదనీ, పెద్ద పెట్టుబడి కన్న ముందు చక్కని పొదుపు బుద్ధి కావాలనీ వారికి చెప్పవలసిందిగా తల్లిదండ్రులను కోరుతున్నాము.

చిప్పు కన్న ముందు మెట్టు

ఇప్పుడు మా తప్పు చెబుతాము. ఆ సాయంత్రం కార్యదర్శిగారు పట్టీల కింద దురదగా ఉన్నదనీ, స్నానం చేయకపోతే చికాకుగా ఉన్నదనీ అన్నారు. "కాసేపు తీసి స్నానం చేసి మళ్ళీ పెట్టుకోండి, ఏమవుతుంది?" అన్నది మేమే. ఆయన తీశారు. తిరిగి అంటిస్తే పట్టీలు సరిగా అంటలేదు. మరునాడు ఉదయం పాల వేళ ఆయనకు మళ్ళీ కళ్ళు తిరిగాయి. పడలేదు గాని గోడ పట్టుకుని నిలబడ్డారు. పెట్టె విప్పి చూస్తే, సరిగ్గా ఆ వేళ నమోదైనదంతా గజిబిజి గీతలు. గుండె ఆగిందో, పట్టీ ఊడిందో చెప్పడం సాధ్యం కాదన్నారు డాక్టరుగారు.

ఒక పూట లెక్క లేని రిజిస్టరును మేము ఏ సంఘంలోనూ ఆమోదించలేదు. అటువంటి మేము ఒక మనిషి గుండె రిజిస్టరులో ఒక పూట ఎగరగొట్టమని సలహా ఇచ్చాము. ఆ వారం రోజులూ మాకు నిద్ర సరిగా పట్టలేదు.

రెండవసారి పెట్టె పెట్టారు. ఈసారి ఆయన తీయలేదు. మూడవ పూట ఉదయం 6 గంటల 10 నిమిషాలకు కళ్ళు తిరిగినట్లయిందని ఇచ్చిన చీటీలో రాసుకున్నారు. నమోదు చూస్తే అదే నిమిషాన గుండె దాదాపు అయిదు సెకన్లు కొట్టుకోలేదు. గీత శుభ్రంగా ఉన్నది, సందేహానికి తావు లేదు. ఆయనకు పేస్‌మేకరు అమర్చారు. ఇప్పుడు రెండు పూటలా సంఘానికి వస్తున్నారు.

పొదుగు కడగకుండా పితికిన పాలకు ఎంత మంచి శీతలీకరణ ట్యాంకు ఉన్నా లాభం లేదు. అట్లే చిప్పులో మొదటి ట్రాన్సిస్టరు కన్న ముందు మెట్టు ఒకటి ఉన్నది. అది మన చర్మం, దాని మీద పట్టీ, దానిని మోసే మనిషి. అక్కడ పోయినదానిని ఏ చిప్పూ తెచ్చి ఇవ్వలేదు.

సభ్యులకు సూచనలు

1. హోల్టర్ పెట్టే ముందు ఛాతీ మీద నూనె, పౌడరు రాసుకోకండి. చర్మం శుభ్రంగా, పొడిగా ఉంటే సంకేతం స్పష్టంగా వస్తుంది. వెంట్రుకలు తీయాలని సిబ్బంది అంటే తీయనివ్వండి.

2. చెప్పిన గడువు వరకు పట్టీలు తీయకండి. ఊడితే మీకు మీరే అంటించుకోక ఆసుపత్రికి ఫోను చేయండి. స్నానం గురించి ముందే అడిగి తెలుసుకోండి.

3. పెట్టె ఉన్నదని మంచాన పడుకోవద్దు. డాక్టరు వద్దంటే తప్ప పాలు పితకడం, గడ్డి కోయడం, సంఘానికి నడిచి రావడం రోజూ మాదిరిగానే చేయండి. మీ మామూలు రోజు ఎట్లా ఉంటుందో తెలుసుకోవడానికే ఆ పెట్టె.

4. కళ్ళు తిరిగినా, గుండె దడదడలాడినా, ఆయాసం వచ్చినా గడియారం చూసి వేళ రాయండి. రాయడం రానివారు ఇంట్లో పిల్లల చేత రాయించండి.

5. 2018 నుండి కొన్ని చేతి గడియారాలు కూడా వేలు ఆనిస్తే అర నిమిషం పాటు ఇ.సి.జి. తీస్తున్నాయి. అది ఒక్క శాంపిల్ మాత్రమే, రోజంతటి లెక్క కాదు. అందులో బాగున్నదని వచ్చినంత మాత్రాన డాక్టరును మానుకోకండి. ఛాతీలో నొప్పి వస్తే ఏ పరికరాన్నీ నమ్ముకుని కూర్చోక వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

స్పృహ తప్పి లేచినవారిని "నీరసం, సర్దుకుంటుంది" అని ఇంటికి పంపివేయడం మన పల్లెలలో అలవాటు. ఆ అలవాటును మానవలసిందిగా మనవి చేస్తున్నాము.